నిలబడవలసిన నిశ్శబ్దం

మా జిల్లాలో సంతాపసభలకు ఒక ఉత్తర్వు ఉంది. సభలో నిశ్శబ్దం ఏర్పడినప్పుడెల్లా హాజరైనవారు లేచి నిలబడవలెను. నిశ్శబ్దం ముగిసిన పిదప కూర్చొనవలెను.

అది ఊరికే పుట్టిన ఉత్తర్వు కాదు. కిందటేడు ఒక పెద్దమనిషి సంతాపసభలో "ఇప్పుడు రెండు నిమిషాలు మౌనం" అని మైకులో చెప్పారు. అందరూ లేచారు. లలితకళా స్మృతి మండలి డైరెక్టరు గరుడాచలంగారు మాత్రం లేవలేదు. ఆయన నిద్రపోతున్నారు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. కళ్లు మూసుకుని ఉన్నారు కాబట్టి అది ధ్యానమని మండలి వివరణ ఇచ్చింది. మండలి సూపరింటెండెంటు ఇమ్మానుయేలుగారు అంతటితో తృప్తిపడలేదు. మైకులో చెప్పడం మీద ఆధారపడటం వల్లే ఇంత జరిగిందని ఆయన తేల్చారు. మాటలు నడుస్తున్నంతసేపే డైరెక్టరుగారికి నిద్ర పడుతుంది. మాటలు ఆగాక మెలకువ వస్తుంది, అప్పటికి మైకులో చెప్పింది అయిపోయి ఉంటుంది. అందుచేత ఇకమీదట నిశ్శబ్దమే పిలుపు అని ఉత్తర్వు తయారుచేశారు. దాని మీద డైరెక్టరుగారే సంతకం పెట్టారు.

ఈ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే మండలి గుమ్మం తొక్కేవాణ్ణి కాదు.

నేను వేణువు ఊదేవాణ్ణి. మా పల్లెటూరి బడిలో అయిదు దాకా చదివాను. ఆ తర్వాత నాటకాలకు ఊదాను, హరికథలకు ఊదాను, పెళ్లిళ్లలో భోజనాల పందిట్లో ఎవరూ వినకపోయినా ఊదాను. నా భార్య హైమవతి బాణీలు కట్టేది. నాటకాల వాళ్లకు, బడిపిల్లలకు, ఎన్నికలు వస్తే అన్ని పార్టీల వాళ్లకూ. ఏ పార్టీ అని చూసేది కాదు, పాట నోటికి పట్టుబడుతుందా లేదా అని చూసేది. ఈ జిల్లాలో బడిపిల్లలు జెండా పండగనాడు పాడే పాటల్లో చాలావాటి బాణీ ఆవిడదే. పేరు మాత్రం ఎక్కడా ఉండదు. కిందటి వేసవిలో పోయింది.

పోయాక నేను ఒక ముక్క కట్టాను. ఒక్క వేణువుకే. తంబురా లేదు, మృదంగం లేదు. మేమిద్దరం పనిచేసిన తీరే అందులో పెట్టాను. ఆవిడ కట్టిన వరసను నేను ముందు గదిలో కూర్చుని ఊదేవాణ్ణి. ఆవిడ వెనక గదిలో బియ్యం ఏరుకుంటూనో బట్టలు మడతపెడుతూనో వినేది. నేను ఊది ఆగేవాణ్ణి. ఆలోచించుకుని లోపలి నుంచే చెప్పేది. "చివర అంత సాగదీయకు, పిల్లలకి ఊపిరి చాలదు." "అక్కడ ఎత్తుకో, దించకు." నా ముక్కలో వరసకూ వరసకూ మధ్య ఆ ఆగడాలు ఉన్నాయి. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. చివరి వరసకు ముందు వచ్చేది అన్నిటికన్నా పెద్దది. అవి తీసేస్తే మిగిలేది నా ఊదుడు. నా ఊదుడు పదిమందికి వినిపించాలన్న సరదా నాకు తీరిపోయి చాలాకాలమైంది. ఆ ఖాళీలు ఖాళీలుగా ఉండగా, జనం కదలకుండా కూర్చుని ఒక్కసారి వినాలి. నాకు కావలసింది అంతే.

మండలి సంగతి సుభద్రమ్మ వదిన చెప్పింది. వదిన హైమవతికి అక్క. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. నా వంట మీద నమ్మకం లేక రోజూ కూరగిన్నె తెస్తుంది. నాలుగు మాటలు కూడా తెస్తుంది.

"ఇంట్లో కూచుని గోడకి ఊదితే ఏవొస్తుందయ్యా? గోడేవన్నా చప్పట్లు కొడద్దా? పోయినోళ్ల పేరు చెప్పి మండలి వాళ్లు కచేరీలు పెట్టిస్తున్నారంట. వెళ్లి అడుగు."

"బతికుండగా ఒక్కనాడు పిలవని వాళ్లని ఇప్పుడేం అడుగుతాను వదినా."

"బతికున్నోళ్లకి వాళ్ల దగ్గర స్కీములు లేవు. పోయినోళ్లకే ఉన్నాయి. మా హైమకి ఇన్నాళ్లకి అర్హత వచ్చింది. వెళ్లు."

వెళ్లాను.

మండలి కార్యాలయం పాత ఉప్పు శాఖ బంగళాలో ఉంది. గోడలకు ఎన్నిసార్లు రంగు వేసినా రాలిపోతుంది. డైరెక్టరుగారి కుర్చీ వెనక మాత్రం రాలకుండా ఒక కేలండరు కొట్టారు. ఇమ్మానుయేలుగారు మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, నా సంగతి విని, నాకు సరిపోయే పథకం చెప్పారు. దాని పేరు ఏకవాద్య సమకాలీన స్మృత్యంజలి.

"సమకాలీనం కాకపోతే కుదరదాండీ?"

"సంప్రదాయ విభాగం నిండిపోయిందండి. పోయినోళ్లలో సంప్రదాయం వాళ్లే ఎక్కువ. సమకాలీనం ఖాళీ."

నాది సమకాలీనమా కాదా అని తేల్చడానికి డాక్టర్ శశిభూషణ్‌గారిని పిలిపించారు. ఆయన మండలికి సలహాదారు. ఏడాదిపాటు విదేశంలో ఉండి వచ్చారు. అప్పటినుంచి మెడకు మఫ్లర్ తీయలేదు. మా ఊళ్లో మఫ్లర్ కట్టే చలి ఎప్పుడూ ఉండదు.

"మీ కృతి ఏ రాగమండీ?" అన్నారు.

"మోహనలో మొదలెట్టాను. మధ్యలో వదిలేశాను."

"ఎందుకు వదిలేశారు?"

"నచ్చలేదు."

ఆయన కళ్లు మెరిశాయి. డైరెక్టరుగారి వైపు తిరిగారు. "రాగ నిరాకరణ సార్. ఇది కచ్చితంగా సమకాలీనం."

"సమకాలీనం అంటే ఏమిటండీ, నాకూ కాస్త చెప్పండి," అన్నారు గరుడాచలంగారు.

"ఎప్పుడు చప్పట్లు కొట్టాలో శ్రోతకు తెలియకపోవడం సార్."

"అయితే రాసుకోండి."

అలా అర్హత తేలింది. ఇక పరిశీలన. అక్కడే, ఆ గదిలోనే ఊదమన్నారు. వేణువు తీసి మొదటి వరస ఊదాను. ఆగాను.

ఇమ్మానుయేలుగారు లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి డైరెక్టరుగారు లేచారు. వాళ్లిద్దర్నీ చూసి డాక్టరుగారు లేచారు. టీ తెచ్చిన అటెండరు ట్రే పట్టుకుని ఎలా ఉన్నవాడు అలా బిగుసుకుపోయాడు. నచ్చక వెళ్లిపోతున్నారనుకున్నాను. పోతే పోనీ అని రెండో వరస అందుకున్నాను. ముగ్గురూ కూర్చున్నారు. ఆగాను. ముగ్గురూ లేచారు.

మూడో ఖాళీకి డైరెక్టరుగారు బల్ల అంచు పట్టుకుని లేచారు. అయిదో ఖాళీకి ఇమ్మానుయేలుగారు ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. టీ మీద మీగడ కట్టింది.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయాండీ?" అన్నారు డైరెక్టరుగారు రొప్పుతూ.

"సగం అయింది."

"మీరంతా ఎందుకు లేస్తున్నారు?" అని అప్పుడు అడిగాను. ఇమ్మానుయేలుగారు ఉత్తర్వు చదివి వినిపించారు.

"ఇవి మౌనం పాటించడానికి పెట్టినవి కావండి. పాటలో భాగం," అన్నాను.

"ఇది సంతాపం కదండీ. సంతాపంలో నిశ్శబ్దం కదండీ. నిశ్శబ్దంలో రకాలు పెట్టుకుంటే రేపు ప్రతివాడూ నాది వేరే రకం అని కూర్చుండిపోతాడు. పోనీ అవి తీసేసి ఒకే బిగిన ఊదేయకూడదా?"

"అయితే నేను రాను."

"కోపం తెచ్చుకోకండి మాస్టారూ. పెద్దవాటి సంగతి తర్వాత చూద్దాం. వరస మధ్యలో కూడా చిన్నచిన్నవి తగులుతున్నాయి. వాటికి లేవాలా వద్దా అని నాకు ఎటూ తేలకుండా ఉంది. అవేంటండి?"

"ఊపిరి."

"అవి తగ్గించుకోగలరా?"

డాక్టరుగారు అందుకున్నారు. "విదేశాల్లో ముక్కుతో తీసుకుంటూనే నోటితో వదులుతారు సార్. అసలు ఆగరు."

"మనవాళ్లకి ముక్కులు లేవా?" అన్నారు డైరెక్టరుగారు.

"ఉన్నాయి సార్. శిక్షణ లేదు."

"శిక్షణకి ప్రతిపాదన పెట్టండి. ప్రస్తుతానికి మీరు ముందే తీసుకుని వేదిక ఎక్కండి మాస్టారూ."

ఊపిరి సంగతి అలా తేలింది. పెద్ద ఖాళీలకు డాక్టరుగారు ఒక ఉపాయం చెప్పారు. వెనకాల శ్రుతిపెట్టె మోగుతూ ఉంటే నిశ్శబ్దం అన్న ప్రశ్నే రాదు. నాకది ఇష్టం లేదు. చెప్పేలోపలే ఇమ్మానుయేలుగారు అడ్డుపడ్డారు.

"కుదరదండి. మనది ఏకవాద్యం. శ్రుతిపెట్టె పెడితే రెండవుతాయి. జంటవాద్యానికి పథకం వేరే ఉంది, దానికి పోయినవారు ఇద్దరుండాలి."

"భార్యాభర్తలైనా చెల్లుతుందా?" అన్నారు డైరెక్టరుగారు.

"నిక్షేపంగా చెల్లుతుంది సార్."

డైరెక్టరుగారు కాసేపు నా వైపు చూశారు. "మీ ఆరోగ్యం ఎలా ఉంటోందండీ?" అని అడిగారు.

బాగానే ఉందని చెప్పాను. ఆయన నిట్టూర్చి, నిశ్శబ్దానికి నిర్వచనం తెప్పించమని ఇమ్మానుయేలుగారికి చెప్పారు.

నిర్వచనం తేవడానికి ఖాదర్ బాషాగారు వచ్చారు. శబ్ద కాలుష్యం కొలిచే ఇంజనీరు. సెల్‌ఫోనంత యంత్రం ఒకటి ఆయన చేతిలో ఉంది. మండలి హాలు మధ్యలో నిలబడి దాన్ని నాలుగు దిక్కులకూ తిప్పారు. ముల్లు ఫలానా గీత కింద ఉంటే నిశ్శబ్దం, పైకి వస్తే కాదు అని తేల్చారు.

"లౌడుస్పీకర్ల మీద, రైస్‌మిల్లుల మీద కేసులు రాశానండి. చప్పుడు చాల్లేదని నన్ను పిలిచింది మాత్రం మీరే," అన్నారు. ఆయనకు హుషారుగా ఉంది. "ఏదీ, ఫ్యాన్లు వేయండి."

వేశారు. మండలి ఫ్యాన్లు ఉప్పు శాఖ నాటివి. హాలంతా గడగడలాడింది. ముల్లు గీత దాటి పోయింది.

"ఇది నిశ్శబ్దం కాదని రాసిస్తాను," అన్నారు ఖాదర్ బాషాగారు గట్టిగా అరుస్తూ.

ఇమ్మానుయేలుగారి మొహం విప్పారింది. ఫ్యాన్లు వాద్యాలు కావు కాబట్టి ఏకవాద్యానికి భంగం లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నంతసేపు నిశ్శబ్దం లేదు కాబట్టి ఎవరూ లేవనక్కర్లేదు. నా ఖాళీలు నాకు ఉంటాయి.

"ఈ గోలలో ఖాళీ ఏం వినపడద్దండీ?" అన్నాను.

"వినపడ్డం గురించి ఉత్తర్వు లేదండి," అన్నారు ఆయన. ఎగతాళికి అనలేదు. నిజంగానే లేదు.

ఒక్కో ఖాళీ ఎంతసేపో రాసిస్తే ఆమోదం తీసుకుంటానన్నారు. ఆవిడ జవాబు చెప్పేంతసేపు అని రాశాను. అదెంత అన్నారు. తొడ మీద తాళం వేసి చూపించాను. ఆయన కూడా తన తొడ మీద వేసుకుని చూసి, ఏదో లెక్క రాసుకున్నారు.

ఒప్పుకున్నాను. ఖాళీలు ఉంటాయి, వినపడవు, తీసేయడం కన్నా నయం అనుకున్నాను. అలా అనుకోవడం నేర్చినవాళ్లతోనే మండలి నడుస్తుందని నాకు అప్పుడు తోచలేదు.

సాయంత్రం వదినతో చెప్పాను. "ఫ్యాన్ల కింద సంతాపవా," అంది. "పోనీలే. చెమటన్నా పట్టదు. నేను ముందు వరసలో కూచుంటాను, చెప్పు వాళ్లకి. వెనక కూచుంటే నాకు వినపడదు."

"ముందు కూచున్నా వినపడదు వదినా."

"అయితే కనపడద్ది."

కచేరీనాడు హాలు నిండింది. సగం మండలి సిబ్బంది, వాళ్ల బంధువులు. మిగతావాళ్లు హైమవతి బాణీలు పాడుకుని పెరిగినవాళ్లు. ఆ బాణీలు ఆవిడవని వాళ్లకు మండలి గోడలకు అంటించిన కాగితం చూశాకే తెలిసింది. ముఖ్య అతిథిగా రాజధాని నుంచి సాంస్కృతిక కార్యదర్శి వైదేహిగారు వచ్చారు. గరుడాచలంగారు ఉపన్యాసం ఇచ్చారు. హైమవతిగారి గానామృతం తాను చెవులారా గ్రోలినానని చెప్పారు. హైమవతి ఏనాడూ సభలో పాడలేదు. గొంతు బొంగురు. డాక్టర్ శశిభూషణ్‌గారు మఫ్లర్ సర్దుకుని, ఈ కృతిలో శ్రోతను నిలదీసే శూన్యం ఉందని చెప్పారు. ఫ్యాన్ల మోతలో ఇద్దరి మాటలూ సగమే వినపడ్డాయి. ఫ్యాన్ల వల్ల మేలు కూడా ఉందనుకున్నాను.

నన్ను పిలిచారు. వేణువు పట్టుకుని వేదిక మీద కూర్చున్నాను. ఊదబోతుండగా కార్యదర్శిగారు తల ఎత్తి పైకి చూశారు.

"ఏంటండీ ఈ ఫ్యాన్లు, హెలికాప్టర్ దిగుతున్నట్టు. ఆపించండి. వేణువు వినాలి కదా."

ఆ పథకం మొదలయ్యాక ఒక అధికారి నోట వచ్చిన మొదటి తెలివైన మాట అది. ఇమ్మానుయేలుగారు పరిగెత్తుకొచ్చి వంగి, "మేడం, అవి నిశ్శబ్ద నివారణ కోసం ఏర్పాటు చేసినవండి," అన్నారు. మేడం ఆయన్ని ఒక చూపు చూశారు. ఆయన వెళ్లి స్విచ్చులు కట్టేశారు.

నేను మొదటి వరస ఊదాను. ఆగాను.

ఇమ్మానుయేలుగారు లేచారు. సిబ్బంది లేచారు. వాళ్లను చూసి మిగతావాళ్లు లేచారు. మండలి ప్లాస్టిక్ కుర్చీలు నేలమీద కీచుమని జరిగాయి. కార్యదర్శిగారు అటూ ఇటూ చూసి ఆవిడా లేచారు. నేను ఊదాను. కీచుమని కూర్చున్నారు. ఆగాను. కీచుమని లేచారు.

కాసేపటికి వాళ్లకు అలవాటైపోయింది. నా వేళ్లు చూసి వరస ముగియబోతోందని పసిగట్టి ముందుగానే కుర్చీల అంచుల్లోకి జరుగుతున్నారు. మధ్య వరసలో ఒకాయన లేచినప్పుడల్లా చేతులు కూడా చాపుతున్నాడు, ఎలాగూ లేస్తున్నాం కదా అని.

"ఇదేంటి?" అని కార్యదర్శిగారు డాక్టరుగారిని మెల్లగా అడగడం నాకు వినపడింది.

"శ్రోతల భాగస్వామ్యం మేడం."

"బాగుంది. కొత్త కాన్సెప్టు."

నేను ఊదుతూనే ఉన్నాను. ప్రతి ఖాళీలోనూ కుర్చీలు. హైమవతి మాట రావలసిన చోటల్లా కుర్చీలు. ఫ్యాన్లే నయమనిపించింది.

చివరి వరసకు ముందు ఆగాను. హాలంతా లేచింది. కుర్చీలు సద్దుమణిగాయి.

అప్పుడు తోచింది నాకు. నేను ఊదితే వీళ్లు కూర్చుంటారు. ఊదకపోతే నిలబడే ఉంటారు. ఉత్తర్వు అలాగే ఉంది.

ఊదలేదు.

వేణువు పెదవికి దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాను. ఎవరు చూసినా ఇదిగో ఊదబోతున్నాడు అనే అనుకుంటారు. ఇమ్మానుయేలుగారు తొడ మీద వేలితో తాళం వేస్తున్నారు. ఆమోదించిన ఖాళీ ఎప్పుడు అయిపోయిందో ఆయన వేలు ఆగిపోవడం చూసి తెలిసింది. నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను.

గరుడాచలంగారు బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదకు మార్చారు. మళ్లీ మొదటి కాలి మీదకు మార్చారు. వెనక ఎవరో దగ్గారు. దగ్గు కూడా చప్పుడే కదా అని డైరెక్టరుగారికి ఆశ పుట్టింది. యంత్రం పట్టుకుని వచ్చి వేదిక పక్కన ఉన్న ఖాదర్ బాషాగారి వైపు చూశారు. ఆయన యంత్రం చూసి తల అడ్డంగా ఊపారు. గరుడాచలంగారు తనే గట్టిగా దగ్గారు. ఖాదర్ బాషాగారు మళ్లీ చూసి, చాల్లేదన్నట్టు బాధగా మొహం పెట్టారు.

"మాస్టారూ," అన్నారు డైరెక్టరుగారు పళ్ల మధ్యనుంచి. "ఊదండి."

వేణువు కాస్త దించి, మళ్లీ పైకి పెట్టుకున్నాను. ఆయన సంతోషించి కుర్చీ చేతి మీద చెయ్యి వేశారు. నేను ఊదలేదు.

నాకు కనికరం కలగలేదు. కలగాలని కూడా అనిపించలేదు. తెల్లారేదాకా అయినా నిలబెట్టేవాణ్ణి. అడ్డుపడింది సుభద్రమ్మ వదిన.

ముందు వరసలో కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది వదిన. "నేను కూచుంటన్నాను," అంది, ఇంట్లో మాట్లాడినట్టే. వదిన గొంతుకు ముల్లు గీత దాటినట్టుంది, ఖాదర్ బాషాగారు చెయ్యెత్తారు. హాలంతా గబగబా కూర్చుంది. వదిన అంతకంటే ఏమీ అనలేదు. మళ్లీ నిశ్శబ్దం. హాలంతా మళ్లీ లేచింది. వదిన లేవలేదు.

ఇమ్మానుయేలుగారు వంగి గుసగుసగా చెప్పారు. "అమ్మా, ఉత్తర్వుందండి. లేవాలి."

"నీ ఉత్తర్వు నాకు చెప్పకు నాయనా." ఈసారి వదిన గొంతు తగ్గించింది. "పోయింది నా చెల్లెలు. నా వెనకాల పుట్టింది. చంకనేసుకు మోశాను దాన్ని. పెద్దదాన్ని నేను లేచి నిలబడతానా దానికి? అదే చూస్తే ఊరుకుంటుందా? అక్కని నిలబెట్టారని దాని మొగుణ్ణీ నిన్నూ కలిపి తిడద్ది."

ఇమ్మానుయేలుగారు ఉత్తర్వు కాగితం తిరగేసి చూశారు. ఉత్తర్వులో దీనికి జవాబు లేదు. ఆయన ఇంట్లో మాత్రం ఉన్నట్టుంది. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు లేవడం ఆయనా ఎప్పుడూ చూసి ఉండరు.

వదిన పక్కన నిలబడ్డ రిటైర్డు హెడ్మాస్టరు లక్ష్మీనరసింహంగారు ఈ మాటలు విన్నారు. "హైమవతిగారికి వయసెంతండీ?" అని వదినని మెల్లగా అడిగారు.

"అరవై రెండు నిండలేదు."

"నాకు అరవై ఏడు," అని ఆయన కూర్చున్నారు. హాయిగా కాళ్లు చాపుకున్నారు. ఆ మాట వరసల వెంట గుసగుసగా పాకింది. తలపండిన వాళ్లు ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటున్నారు. నెరిసిన జుట్టుకు రంగు వేసుకున్నవాళ్లు కాసేపు తటపటాయించారు.

గరుడాచలంగారు నిలబడే ఉన్నారు. ఆయన చిక్కు వేరు. సర్వీసు పుస్తకం ప్రకారం ఆయనకు యాభై తొమ్మిది. పుస్తకం బయట ఎంతో ఊళ్లో అందరికీ తెలుసు. కూర్చోవాలంటే హైమవతి కన్నా పెద్దవాణ్ణని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఎప్పుడో రిటైరైపోయి ఉండాలి. పక్కన కార్యదర్శిగారు ఉన్నారు. ఎదురుగా తనతో ఒకే బెంచీ మీద చదువుకున్న హెడ్మాస్టరుగారు కాళ్లు చాపుకుని ఉన్నారు.

"కూర్చోరా గరుడం," అన్నారు హెడ్మాస్టరుగారు జాలిగా. "నువ్వు నాకంటే ఏడాది పెద్ద."

గరుడాచలంగారు కార్యదర్శిగారి వైపు చూశారు. మోకాళ్ల వైపు చూశారు. కూర్చున్నారు. ఉద్యోగంలో ఆయన అంత నిజం ఎప్పుడూ చెప్పి ఉండరు.

డైరెక్టరుగారు కూర్చున్నాక నిలబడే ధైర్యం సిబ్బందికి లేదు. వాళ్లు కూర్చున్నారు. కార్యదర్శిగారు ఇది కూడా కాన్సెప్టులో భాగమనుకుని కూర్చున్నారు. ఇమ్మానుయేలుగారు ఒక్కరే మిగిలారు. చేతిలో ఉత్తర్వు కాగితం ఉంది. వదిన తన పక్క కుర్చీ మీద అరచేత్తో తట్టింది. ఆయన వచ్చి, చప్పుడు కాకుండా, కుర్చీ అంచున కూర్చున్నారు.

హాలులో ఇంకేమీ లేదు. కుర్చీల కీచు లేదు, ఫ్యాన్ల మోత లేదు. కొందరు నా వైపు చూస్తున్నారు, కొందరు చూడటం లేదు. ఎవరికీ ఏం చేయాలో తెలియదు కాబట్టి ఏమీ చేయకుండా కూర్చున్నారు. నేను కట్టినప్పుడు ఆ ఖాళీ ఎలా ఉందో అలా ఉంది. కాసేపటికి నేను వాళ్లను మరిచిపోయాను. ఎంతసేపు ఆగానో నాకు తెలియదు. తర్వాత చివరి వరస ఊదాను. చిన్నదే.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఎవరికీ తెలియలేదు. డాక్టర్ శశిభూషణ్‌గారు చెప్పింది ఆ ఒక్క విషయంలో నిజమైంది.

కొన్నాళ్లకు మండలి నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఆమోదించిన నిశ్శబ్దము కంటె అధికముగా నిశ్శబ్దమును వినియోగించుటకు కారణమేమి, అట్టి అధిక వినియోగమునకు మిమ్ములను ఎందుకు బాధ్యులను చేయరాదు అని అడిగారు. కింద సంతకం ఇమ్మానుయేలుగారిది. డైరెక్టరుగారు సెలవులో ఉన్నారు. ఆయన వయసు మీద విచారణ నడుస్తోంది.

నోటీసు వదినకు చదివి వినిపించాను. "రాసెయ్యి, నాది కాదని," అంది కూరగిన్నె మూత తీస్తూ. "నీకు అంతసేపు నోరు మూసుకుని కూచోటం ఎక్కడ చేతనవును."

అలాగే రాశాను. ఎక్కువైన నిశ్శబ్దం నాది కాదు, హైమవతిది. సంజాయిషీ ఆవిడనే అడగండి.

ఇమ్మానుయేలుగారు నిబంధనలు తెలిసిన మనిషి. వెంటనే జవాబు రాశారు: "మృతుల నిశ్శబ్దమునకు ఈ పథకమునందు గరిష్ఠ పరిమితి ఏదియు నిర్ణయింపబడలేదు. కావున మండలి తన అభ్యంతరమును ఉపసంహరించుకొనడమైనది."

చదివి మడిచి పెట్టేశాను. రెండోసారి చదవలేదు.